వెనక సీటు బరువు

సెమిలిగుడ రోడ్డు మీద లారీల రొద ఆగే వేళంటూ ఉండదు. ఫ్యాక్టరీకి వచ్చేవీ పోయేవీ, సంతకి తిరిగే జీపులు, రాయగడ బస్సులు, వీటన్నిటి కింద నలిగి ఆ రోడ్డు ఎప్పుడూ గోతులమయమే. అలాంటి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని తిరుమలరావు చేసే పని ఏమిటయ్యా అంటే, కార్లని కిందకి దించడం. బుద్ధున్నవాడెవడైనా ఇక్కడ బండి ఎత్తుగా ఉండాలనుకుంటాడు. కుర్రకారు అలా అనుకోరు. కొత్త కారు ఇంటికొచ్చిన వారంలోపే షెడ్డుకి తోలుకొచ్చి, స్ప్రింగులు కోసెయ్యన్నా అంటారు. ఆ తర్వాత స్పీడ్ బ్రేకరు వచ్చిన చోటల్లా బండి పొట్ట గీరుకుంటూ పోతుంటే అదొక గొప్ప. తిరుమలరావు వాళ్ళని తిట్టుకుంటూనే కోసేవాడు.

పని మాత్రం నికార్సుగా చేసేవాడు. గ్రైండరు పెట్టి రెండు చుట్లు పరపరా కోసి పంపించే రకం కాదు. ఖాళీ బండికి కొలత తీసేవాడే కాదు. ఇంట్లో ఎంతమందుంటే అంతమందినీ తీసుకురమ్మనేవాడు. వాళ్ళందర్నీ లోపల కూర్చోబెట్టి, తను కింద గొంతుక్కూర్చుని, టైరుకీ పైనున్న రేకుకీ మధ్య వేళ్ళు దూర్చి చూసేవాడు. ఎక్కే మనుషుల్ని బట్టి కోత. చూసేవాళ్ళు నవ్వేవారు, దర్జీ కొలతలు తీసినట్టు తీస్తాడని. తన సొంత కారుకీ అలాగే కోసుకున్నాడు. పెళ్ళాం సుహాసినిని ముందు సీట్లో, నాలుగేళ్ళ బుజ్జిని వెనక సీట్లో కూర్చోబెట్టి, తమ్ముడు పృథ్విని స్టీరింగు ముందు పెట్టి, సరిగ్గా మూడు వేళ్ళ సందు ఉంచాడు.

మంచు పడే నెలలో, సాలూరు నుంచి స్నేహితుడి మోటారు సైకిలు మీద స్ప్రింగుల మూట కట్టుకుని వస్తూ, ఘాటీ మలుపులో లారీ కింద పడిపోయాడు.

సుహాసిని ఏడవలేదు. ఏడుపు రాలేదంతే. చెయ్యి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టుంటుంది చూడండి, ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. వచ్చినవాళ్ళు ఏడిచి వెళ్ళారు. గుణుపురం నుంచి ఆమె అక్క రామతులసి వచ్చి, పిల్ల ఇక్కడుంటే బెంగెట్టుకుంటుందని బుజ్జిని తనతో తీసుకుపోయింది. రోజూ ఫోనులో బుజ్జి ఒకటే అడిగేది, నాన్న ఎప్పుడొస్తాడని. తీసుకొస్తానమ్మా అని సుహాసిని చెప్పేది. ఊరుకోబెట్టడానికి చెప్పిన మాట కాదది. వాళ్ళింట్లో దానికి ఒక పద్ధతుంది.

బయట చచ్చిపోయిన మనిషి దారి తెలీక చచ్చిన చోటే నిలబడిపోతాడని వాళ్ళ పెద్దల నమ్మకం. పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం లోపు ఇంటి పెద్ద ఒకరు ఆ చోటికి వెళ్ళి, అన్నం ముద్దా చెంబుడు నీళ్ళూ పెట్టి, పేరు పెట్టి పిలిచి, బండెక్కించుకుని తేవాలి. దారిలో వెనక్కి తిరిగి చూడకూడదు. తిరుమలరావుకి తల్లీ తండ్రీ లేరు. అందుకని రామతులసి మొగుడు సింహాచలం వచ్చి పిలుస్తానన్నాడు. ఆ పొద్దున అతనెక్కిన బస్సు మంచులో లక్ష్మీపురం దగ్గరే ఆగిపోయింది. వేళ దాటిపోతోంది. ఇక లాభం లేదని, వదినా మరిదీ ఇద్దరే తిరుమలరావు కారులో బయల్దేరారు.

మలుపు దగ్గర రోడ్డు పక్క గోడ విరిగి ఉంది. గోడ పొడుగునా ఎప్పటెప్పటివో దండలు వేలాడుతున్నాయి. కొన్ని ఎండిపోయినవి, కొన్ని రంగు పోయిన ప్లాస్టిక్ పూలవి. ఏనాడో పెళ్ళి జీపు లోయలో పడింది ఇక్కడే. కూలీల వ్యానూ ఇక్కడే. సుహాసిని ఆ దండల్ని చూసింది గానీ వాటి గురించి ఏమీ అనుకోలేదు. నాలుగు పూలు చల్లి అన్నం పెట్టింది. నీళ్ళు పెట్టింది. కారు వెనక తలుపు బార్లా తీసి, సీటు మీద ఆయన చొక్కా పరిచింది. ఇక పిలవాలి.

పెళ్ళయిన నాటి నుంచీ మొగుడి పేరు ఆమె నోట రాలేదు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పలకరు. పృథ్వికి అన్నని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. చచ్చిపోయాక పిలవడానికి అసలే నోరాడలేదు.

“ఏవండీ... రండి. ఇంటికెల్దాం,” అంది సుహాసిని.

“రా అన్నయ్యా. కారెక్కు,” అన్నాడు పృథ్వి.

మంచు కదల్లేదు. ఆకుల మీంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు... కాలిన బ్రేకుల వాసన... చుట్టుపక్కల లారీ ఏదీ లేదు. అప్పుడు కారు వెనకభాగం కిర్రుమంది. సుహాసిని గుండె ఒక్కసారి కొట్టుకుంది. అన్ని రోజుల్లో ఆమెకి తెలిసిన మొదటి కదలిక అదే. కాసేపాగి మళ్ళీ కిర్రుమంది. సర్దుకుని కూర్చుంటున్నారేమో అనుకుంది. ఇంకోసారి కూడా వినబడేసరికి తలుపు వెయ్యబోయింది. తలుపు వెంటనే పడలేదు. ఏదో మెత్తగా అడ్డు తగిలి, తర్వాత అది లోపలికి జరిగినట్టయి, అప్పుడు పడింది.

తిరుగుదారిలో ప్రతి గోతికీ వెనక టైరు రేకుకి తగిలి ర్ర్ర్ మంటోంది. పృథ్వి మెల్లగా తోలుతున్నాడు. ఎంత మెల్లగా తోలినా ఆ చప్పుడు ఆగలేదు.

“టైరు తగుల్తంది వదినా. ఇద్దరమే కదేటి ఉన్నాం.”

“ముగ్గురం,” అంది సుహాసిని.

ఆ రోజు నుంచి కారు షెడ్డులో అలాగే ఉండిపోయింది. వెనకభాగం కిందకి కుంగి, ఒక్క వేలు కూడా కష్టం మీద దూరేంత సందుతో. సుహాసిని మధ్యాహ్నాలు వెళ్ళి ముందు సీట్లో కూర్చునేది. మాట్లాడేది కాదు. వెనక్కి తిరిగేది కాదు. లోపల బీడీ వాసన వచ్చేది, ఆయనకి బీడీ అలవాటు లేదు. మాగిన బంతిపూల వాసన, తలనూనె వాసన, పసిపిల్ల కక్కుకున్న పాల వాసన కూడా వచ్చేవి. పూలూ అన్నమూ పెట్టాం కదా, అందుకే అనుకుంది. ఎక్కేటప్పుడు చూస్తే వెనక అద్దాలకి లోపలి వైపు ఆవిరి పట్టి ఉండేది. అది చూసి ఆమెకి కొంచెం హాయిగా ఉండేది. ఊపిరి తీస్తున్నారు అనుకునేది.

నెల తిరిగాక గుణుపురం వెళ్ళిపోదామని నిశ్చయించుకుంది. అక్క వాళ్ళ వీధిలోనే ఒక గది చూసి పెట్టారు. బస్సులో వెళ్ళమని అందరూ అన్నారు. సుహాసిని వినలేదు. కారులోనే వెళ్ళాలి, ఈ కారులోనే. బుజ్జికి వాళ్ళ నాన్నని అప్పజెప్పాలి. ఆమెకి మిగిలిన పని అదొక్కటే. మిగతా ప్రపంచమంతా మూసిన తలుపు అవతల ఉన్నట్టు, చప్పుళ్ళు వినబడుతున్నా తనకి సంబంధం లేనట్టు ఉంది.

పొద్దున మంచులోనే బయల్దేరారు. కోరాపుట్ దాటింది. పృథ్వి మాటిమాటికీ పైనున్న అద్దం సర్దుతున్నాడు. లక్ష్మీపురం దిగువన అద్దాన్ని పూర్తిగా పైకి తిప్పేశాడు.

“ఏటయింది?” అంది సుహాసిని.

“వెనక రోడ్డు కనబడట్లేదు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఏటో అడ్డంగా ఉంది.”

వెనక సీట్లో బట్టల మూట ఒకటుంది. అది అద్దానికి అడ్డం వచ్చేంత ఎత్తు కాదని ఇద్దరికీ తెలుసు.

రాయగడ చేరేసరికి టైరు రాపిడికి పొగ వాసన కొట్టింది. అక్కడ బస్టాండు వెనక మున్నా షెడ్డు. మున్నా తిరుమలరావు దగ్గరే పని నేర్చుకున్నవాడు. చావుకి వచ్చి అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు. కారు ఆగీ ఆగకముందే బయటికొచ్చాడు. సుహాసినికి నమస్కారం పెట్టి, టైరు వైపు వంగి చూసి, నల్ల కాగితం అంటించిన వెనక అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు.

“వెనకోలు కూడా దిగండి. జాకీ ఎయ్యాలి.”

మున్నా తలుపు తీశాడు. మూట, చొక్కా, ఖాళీ సీటు. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత నెమ్మదిగా తలుపేసి, కింద గొంతుక్కూర్చుని, గురువుగారు చేసినట్టే వేళ్ళు పెట్టి చూశాడు. అటు పక్కకి వెళ్ళి అక్కడా చూశాడు. జాకీ మాత్రం తియ్యలేదు. సుహాసినిని షెడ్డు లోపలికి రమ్మని సైగ చేశాడు.

“ఎప్పట్నుంచి వదినమ్మా ఇలగ?” అన్నాడు నెమ్మదిగా.

పిలిచి తెచ్చిన సంగతి ఆమె చెప్పింది. చెబుతుంటే ఆమె మొహంలో కాస్త వెలుగొచ్చింది కూడా. మున్నా మొహంలో రాలేదు.

“ఈ బండి మా గురువు కోస్తన్నప్పుడు నానే పక్కనున్నాను. ఒక్క మనిషికి ఇంత దిగదు. ఇద్దరికీ దిగదు...” ఆగి, తల దించుకుని అడిగాడు. “పేరెట్టి పిలిసేరా?”

సుహాసిని తల అడ్డంగా ఊపింది.

బయట బస్సు హారను మోగుతోంది. ఆ మలుపు గోడ మీది దండలు అప్పుడు గుర్తొచ్చాయి ఆమెకి. ఎండినవి, రంగు పోయినవి, చిన్నపిల్లల మెడకి సరిపోయేంత చిన్న దండ ఒకటి. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. అనిపించాల్సిన చోట ఏమీ లేదు.

“పేరెట్టి దిగమనండి,” అన్నాడు మున్నా. “గురువుగారుంటే ఆ మేరకి బండి లేస్తాది. లేవకపోతే... ఈ బండి గుణుపురం తీసుకెల్లొద్దు. పాపుంది అక్కడ.”

సుహాసిని బయటికొచ్చింది. వెనక టైరు పక్కన కూర్చుంది. రేకు కింద చిటికెన వేలు దూర్చింది. పట్టపగలు, ఎదురుగా టీ కొట్టు, చుట్టూ జనం. అంతమందిలో మొగుడి పేరు పలకాలి. కళ్ళు మూసుకుని నల్ల అద్దానికి నోరు దగ్గర పెట్టింది.

“తిరుమలరావు... దిగండి,” అంది.

వేలికి ఏ మార్పూ తెలియలేదు. మళ్ళీ పలికింది. ఈసారి ఇంకా మెల్లగా. రేకు కదల్లేదు. పైకి లేవలేదు... కాసేపటికి వేలు నొక్కుకుంది. ఆమె వైపే, కొంచెం కొంచెంగా, కారు కిందకి ఒరుగుతోంది. లోపలున్నవాళ్ళు ఆమె ఏం చెబుతోందో వినడానికి ఇటు జరిగినట్టు... అందరూ ఒక్కసారే.

వేలు లాక్కుంది. గోటి కింద నలిగి నల్లబడింది. నొప్పి మాత్రం తెలియలేదు.

“విన్నారు,” అంది మున్నాతో. “దిగడం ఇష్టం లేదు ఆయనకి. బుజ్జిని సూడాలి కదా.”

మున్నా రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ బండిని తాను ముట్టుకోనన్నాడు. వదినమ్మని బస్సెక్కిస్తానన్నాడు, కారుని ఏ కొండ మీదో వదిలేద్దామన్నాడు. పృథ్వి కూడా అదే మంచిదన్నాడు. సుహాసిని ముందు తలుపు తీసుకుని కూర్చుంది. ఆయన లేరన్న మాట ఒప్పుకుంటే ఆమె దగ్గర ఇంకేమీ మిగలదు. బుజ్జికి ఇచ్చిన మాట కూడా మిగలదు. అందుకని ఆమె ఒప్పుకోలేదు. నువ్వు తోలకపోతే ఎవరినైనా పిలుస్తానని మరిదితో చెప్పింది. వదినని ఒంటరిగా వదల్లేక పృథ్వి స్టీరింగు పట్టుకున్నాడు.

గుణుపురం వరకు ఎక్కడా ఆగలేదు. ఊరు దగ్గరవుతున్న కొద్దీ వెనక చప్పుళ్ళు ఎక్కువయ్యాయి. బట్టలు సర్దుకుంటున్న చప్పుడు... గొంతు సవరించుకున్నట్టు... ఒక చిన్న దగ్గు. దిగబోయే ముందు బస్సులో జనం చేసే చప్పుళ్ళే అవి. పృథ్వి పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటున్నాడో తెలియదు. సుహాసిని ముందుకే చూస్తోంది. ఆయనకెప్పుడూ దగ్గు లేదని గుర్తొచ్చి, చలికి పట్టిందేమో అనుకుంది.

అక్క వాళ్ళ వీధిలోకి తిరిగేసరికి సంధ్యవేళ దాటుతోంది. కరెంటు లేదు. వంశధార వైపు నుంచి చల్లగాలి వస్తోంది. ఇళ్ళ ముందు అక్కడక్కడ దీపాలు. రామతులసి ఇంటి తలుపు తీసే ఉంది, ఆమె మాత్రం పక్కనున్న కుళాయి దగ్గర చెంబు నింపుతోంది. వచ్చినవాళ్ళకి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వకుండా ఆ గుమ్మం ఎవరినీ తొక్కనివ్వదు. చావు జరిగిన ఇంటి నుంచి వచ్చేవాళ్ళకి మరీను.

సుహాసిని దిగి వెనక తలుపు తీసింది.

“దిగండి,” అంది. “ఇల్లొచ్చింది.”

కిర్రుమంటూ కారు కాస్త లేచింది. మళ్ళీ లేచింది. ఇంకా... ఇంకా... ఆమె మోకాలికి తడి బట్ట అంచు తగిలి పోయింది. బీడీ వాసన మొహాన కొట్టింది, దాని వెనకే బంతిపూలు. కారు తన ఎత్తుకి వచ్చి ఆగింది. ఖాళీ సీటు మీద చొక్కా నలగకుండా, పరిచింది పరిచినట్టే ఉంది. ఎవరూ దాని మీద కూర్చోలేదు.

చెంబుతో రామతులసి వచ్చింది. చెల్లెల్ని చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ పైన ఇంటి గుమ్మం వైపు చూసి కోపంగా మొహం పెట్టింది.

“ఎవలే అమ్మీ ఈలందరూ? నీల్లట్టుకొచ్చేలోపలే తోసుకుని ఎల్లిపోయేరు. కాల్లయినా కడుక్కోలేదు.”

సుహాసిని చొక్కా వంక చూస్తూనే ఉంది. ఆమె గొంతు తనకే దూరంగా వినబడింది.

“అక్కా... ఆయన ఉన్నారా ఆలల్లో?”

రామతులసి చెంబు పట్టుకున్న చెయ్యి దిగింది. చెల్లెలి మతి చెడిందనుకుని, దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుంది.

“ఆయనెలగొస్తాడమ్మీ. నానెరిగినోలు ఆలల్లో ఒక్కలూ లేరు.”

అప్పుడు సుహాసినికి తెలిసింది. అంత మంచులో, విరిగిన గోడ పక్కన, ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. అందరూ ఎక్కాక ఆయనకి చోటు లేకపోయింది. భార్య పిలుపు విని వచ్చి, తలుపు దాకా వచ్చి, తన కళ్ళ ముందే ఆ తలుపు పడటం చూసి ఉంటాడు.

“బుజ్జేది?” అంది.

“లోపల నిద్దరోతంది. సీకటని ఏడిసి ఏడిసి, ఇప్పుడే పడుకుంది.”

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. లోపల చీకటి. పృథ్వి స్టీరింగు వదల్లేదు. బుజ్జి పడుకున్న ఇనప మంచం కిర్రుమంది. కొంచెం ఆగి మళ్ళీ కిర్రుమంది. మళ్ళీ...

తర్వాత బుజ్జి గొంతు వినబడింది, నిద్రమత్తులో, అమ్మ తెస్తానన్న నాన్నే పక్కనున్నాడనుకుని, ఏ భయమూ లేకుండా.

“నాన్నా, కొంచెం జరుగు. ఈలకి సోటు సాల్లేదు.”